బిల్డర్ డబ్బు ఎక్కడిది? విజయవాడ, గుంటూరులో ఫ్లాట్ కొనేముందు అడిగి రాయించుకునే పద్ధతి

మొన్న శ్రావణంలో మా బావమరిది కానూరులో ఒక ఫ్లాట్ చూసుకుని, తోడు రమ్మని నన్ను తీసుకెళ్లాడు. సైట్ ఆఫీసులో ఏసీ, గోడకి ఎలివేషన్ బొమ్మ, బల్ల మీద నిమ్మకాయ సోడా. తూర్పు ఫేసింగా కాదా, కారు పార్కింగ్ ఎక్కడ, జనరేటర్ లిఫ్టుకి ఒక్కదానికేనా ఇంట్లోకి కూడానా అని వాడు గంటసేపు అడిగాడు. నేను అడిగింది ఒక్కటే. "ఈ బిల్డింగ్ ఎవరి డబ్బుతో కడుతున్నారండీ?"

బిల్డర్ గారు నవ్వారు. "మాకు అప్పులేం లేవండీ. అంతా సొంత డబ్బే."

బయటికొచ్చాక బావమరిది నా మీద విసుక్కున్నాడు. "ముఖం మీదే అలా అడిగేస్తే ఆయనేమనుకుంటాడు బావా?" వారం తిరక్కుండా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తనఖాలూ చూపించే పత్రం తీయిస్తే, ఆ స్థలం దస్తావేజులు ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర కుదువలో ఉన్నట్టు ఎంట్రీ కనిపించింది. మళ్లీ వెళ్లి అడిగితే ఆయన ఏమాత్రం తడబడలేదు. "అది అప్పు కాదండీ, లిమిట్."

నేను పదిహేనేళ్లు బ్యాంకులో హౌసింగ్ లోన్ ఫైళ్లు చూసినవాణ్ని. లిమిట్ అన్నా, ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) అన్నా, ప్రాజెక్ట్ ఫైనాన్స్ అన్నా తీర్చకపోతే వేలానికొచ్చేది ఆ స్థలమే. అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు ఇస్తోందని, హడ్కో 11 వేల కోట్లు ఇస్తోందని టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు కూడా చెబుతారు. తాము 70 లక్షలు పెట్టబోయే ఐదంతస్తుల బిల్డింగుకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో మాత్రం అడగరు. అది ఎలా అడగాలో, జవాబు కాగితం మీదికి ఎలా తెప్పించుకోవాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క

మన ఊళ్లలో చాలా అపార్ట్‌మెంట్లు స్థలం కొని కట్టేవి కావు. ల్యాండ్ ఓనర్ స్థలం ఇస్తాడు, బిల్డర్ కడతాడు, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. సగం సగం అనుకుందాం. 30 ఫ్లాట్లలో బిల్డర్‌కి 15. ఒక్కోటి 70 లక్షలకు అమ్మితే చేతికొచ్చేది పదిన్నర కోట్లు. కట్టాల్సింది మాత్రం 30 ఫ్లాట్లూ. ఒక్కోదానికి 28 లక్షల ఖర్చు వేసుకుంటే 8 కోట్ల 40 లక్షలు. చూడ్డానికి 2 కోట్ల పైన మిగులు ఉంది.

పునాదికి డబ్బు లేక, మొదట్లోనే 6 ఫ్లాట్లు "ఇన్వెస్టర్ రేటు" పేరుతో 50 లక్షల లెక్కన ఇచ్చేశాడనుకోండి. వచ్చింది 3 కోట్లు. మిగిలిన 9 ఫ్లాట్ల మీద 6 కోట్ల 30 లక్షలు. మొత్తం 9 కోట్ల 30 లక్షలు. దీనికి తోడు తెలిసినవాళ్ల దగ్గర 2 కోట్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకి 4 లక్షలు, రెండేళ్లకి 96 లక్షలు. ఇప్పుడు లెక్క చూస్తే 6 లక్షలు లోటు. ఇంకా ఆఫీసు జీతాలు, కమీషన్లు, ప్లాను ఖర్చులు కలపనే లేదు.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు, గమనించండి. ఆ బిల్డర్ మంచివాడే కావచ్చు. కానీ ఆ 6 లక్షల లోటు మీ లిఫ్టు దగ్గరో, పెయింటింగ్ దగ్గరో, లేదా మీ ఫ్లాటునే ఇంకొకరికి కూడా రాసివ్వడం దగ్గరో తేలుతుంది. అడ్వాన్స్ ఇచ్చిన రోజు నుంచి మీరూ ఆయనకి డబ్బు పెట్టినవాళ్లలో ఒకరు. బ్యాంకుకి తనఖా ఉంది, వడ్డీ వ్యాపారికి ప్రోనోటు, ఖాళీ చెక్కులు ఉన్నాయి. మీ దగ్గర ఉన్నది బ్రోచర్.

మొదటి పని: ఆ ప్రాజెక్టు రెరా కిందికి వస్తుందో రాదో తేల్చుకోండి

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016లో వచ్చింది. దాన్ని అమలుచేసే అథారిటీని కూడా రెరా అనే అంటారు. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందులోనే మినహాయింపు ఉంది. ఇక్కడే మనవాళ్లు పొరపాటు పడతారు. బ్రాడీపేటలోనో, మొగల్రాజపురంలోనో పాత డాబా పడగొట్టి 400 గజాల్లో కట్టే అపార్ట్‌మెంట్‌కి రెరా నంబరు ఉండదు. అలాంటిది కొంటుంటే కింద రెరా గురించి చెప్పినవి పెద్దగా పనికిరావు. ఈసీ, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (ల్యాండ్ ఓనరూ బిల్డరూ రాసుకున్న ఒప్పందం), మీరు రాయించుకునే షరతులు, ఈ మూడే మీకు దిక్కు. కాబట్టి వాటి దగ్గర రెండింతలు జాగ్రత్త పడండి.

పెద్ద ప్రాజెక్టయితే రెరా నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడమే నేరం, డబ్బు తీసుకోవడం సంగతి తర్వాత. "ప్రీ లాంచ్ అండీ, ప్లాను వచ్చాక ఎస్‌ఎఫ్‌టీకి వెయ్యి పెరుగుతుంది, మొత్తం ఒకేసారి కట్టేస్తే ఈ రేటు" అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే. ఆ ప్రాజెక్టుకి పెట్టుబడి మీరే. నెలనెలా అద్దె ఇస్తామనో, రెండేళ్లకు తిరిగి కొంటామనో కూడా అంటే ఇక అక్కడ సోడా కూడా తాగకండి.

రెరా పేజీలో ఏం చదవాలి

ఏపీ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరుతోనో, రిజిస్ట్రేషన్ నంబరుతోనో వెతికితే పేజీ వస్తుంది. చాలామంది నంబరు నిజమైనదేనా అని చూసి మూసేస్తారు. అసలు సరుకు లోపల అప్‌లోడ్ చేసిన కాగితాల్లో ఉంటుంది.

ఫారం-బి పేరుతో బిల్డర్ ఇచ్చిన ప్రమాణ పత్రం ఉంటుంది. స్థలం మీద తనఖాలు, బకాయిలు, కేసులు లేవనో, ఉంటే ఏవి ఉన్నాయో ఆయన అందులో ప్రమాణం చేసి చెప్పాలి. దాన్ని డౌన్‌లోడ్ చేసి తేదీతో సహా దాచుకోండి. రేపు ఈసీలో వేరే మాట కనిపిస్తే ఈ కాగితమే మీ చేతిలో ఆయుధం. తప్పు సమాచారం ఇచ్చినట్టు తేలితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం దాకా జరిమానా వేయొచ్చని చట్టంలో ఉంది.

రెండోది బ్యాంకు ఖాతా. కొనేవాళ్ల దగ్గర వసూలు చేసిన ప్రతి నూరు రూపాయల్లో 70 ఆ ప్రాజెక్టుకే కేటాయించిన ప్రత్యేక ఖాతాలో పడాలి. ఆ డబ్బు స్థలం ఖర్చుకీ నిర్మాణానికీ తప్ప వాడకూడదు. తీయాలంటే పని ఎంత శాతం అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ సర్టిఫై చేయాలి. గొల్లపూడి స్లాబుకి మీరిచ్చిన డబ్బు గోరంట్లలో స్థలం బయానాకి పోకుండా పెట్టిన కట్టడి ఇది. ఆ ఖాతా నంబరు రాసుకోండి. మీ చెక్కు ఏ ఖాతాకి వెళ్తోందో దాంతో పోల్చాల్సిన రోజు వస్తుంది.

బిల్డర్ గత ఐదేళ్లలో మొదలుపెట్టిన ప్రాజెక్టుల వివరాలు, వాటిలో ఆలస్యాలు, కేసులు కూడా దరఖాస్తులో చెప్పాలి. అవి చదివి ఊరుకోకండి. ఒక ఆదివారం సాయంత్రం ఆ పాత బిల్డింగుకి వెళ్లి వాచ్‌మన్‌తోనో, అసోసియేషన్ సెక్రటరీతోనో పది నిమిషాలు మాట్లాడండి. "చివర్లో డబ్బుల్లేవని పని ఆపాడా అండీ?" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెప్పుకుంటారు. పదిహేనేళ్లలో నాకు బ్యాలెన్స్ షీట్ల కంటే వాచ్‌మన్‌లే ఎక్కువ చెప్పారు.

ఈసీ: ఒక్క సర్వే నంబరుతో తీసి వదిలేయొద్దు

ఈసీని స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లోనో మీసేవలోనో తీసుకోవచ్చు. కంప్యూటర్‌లో 1983 నుంచి దొరుకుతుంది. బిల్డర్ ఇచ్చిన జిరాక్స్ ఈసీని నమ్మొద్దు. అది ఏ తేదీ దాకా తీశారో చూడండి. సరిగ్గా లోను తీసుకున్న నెలకి ముందు ఆగిపోయే ఈసీలు నేను ఎన్ని చూశానో.

సర్వే నంబరుతో ఒకసారి, డోర్ నంబరు ఉంటే దాంతో ఒకసారి, అపార్ట్‌మెంట్ పేరుతో మరోసారి తీయండి. మన దగ్గర పంచాయతీలుగా ఉన్న ఊళ్లు కార్పొరేషన్లలోనూ మున్సిపాలిటీల్లోనూ కలిసిపోయాయి. పాత దస్తావేజులో సర్వే నంబరు ఉంటుంది, కొత్తదానిలో డోర్ నంబరు ఉంటుంది. ఒకదాంతో వెతికితే రెండోదాని కింద ఉన్న తనఖా కనిపించకుండా పోవచ్చు.

ఈసీలో "డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్" (దస్తావేజులు కుదువ) అనో, "మార్ట్‌గేజ్" అనో కనిపిస్తే కంగారు పడకుండా ఎవరి పేరు మీద ఉందో చూడండి. కార్పొరేషన్ పేరు మీదో, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ పేరు మీదో ఉంటే అది అప్పు కాదు. 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో, ప్లాను దాటి కట్టకుండా హామీగా మొత్తం నిర్మాణంలో 10 శాతం తనఖా పెట్టించుకునే పద్ధతి ఉంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగులో కాపురం ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాక దాన్ని విడిపిస్తారు. మీకు చూపిస్తున్న ఫ్లాటు ఆ 10 శాతంలో ఉందేమో మాత్రం తప్పకుండా చూసుకోండి. ఉంటే వేరే ఫ్లాటు అడగండి. "అదేం పర్లేదండీ, ఫార్మాలిటీ" అంటారు. ఫార్మాలిటీయే అయితే విడిపించాక అమ్మమనండి.

బ్యాంకు పేరో, ఫైనాన్స్ కంపెనీ పేరో ఉంటే తనఖా తేదీ, మొత్తం, దస్తావేజు నంబరు మూడూ రాసుకోండి. విడుదలైతే దానికి వేరే ఎంట్రీ ఉంటుంది. లేకపోతే బాకీ ఇంకా ఉన్నట్టే లెక్క. తేదీ ఎందుకంటే, మీతో సేల్ అగ్రిమెంట్ రాసుకున్న తర్వాత బిల్డర్ ఆ ఫ్లాటుని కుదువ పెట్టకూడదని, పెట్టినా అది మీ హక్కుని తాకదని రెరా చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. అగ్రిమెంట్‌కి ముందు పుట్టిన అప్పుకి ఈ రక్షణ లేదు. అందుకే వెతుకులాట మొత్తం అగ్రిమెంట్ తేదీకి ముందే అయిపోవాలి.

డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ నకలు

నన్నడిగితే అన్నిటికంటే విలువైన కాగితం ఇదే, ఎవరూ చదవనిదీ ఇదే. రిజిస్టరయి ఉంటుంది కాబట్టి ఈసీలో ఉన్న నంబరుతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముప్పై నలభై పేజీలుంటుంది, సగం హద్దులూ వంశవృక్షాలే. మీరు వెతకాల్సినవి కొన్నే.

బిల్డర్ ల్యాండ్ ఓనర్‌కి ఎంత డిపాజిట్ ఇచ్చాడు, అది తిరిగి వచ్చేదా రానిదా? ఇది బిల్డర్ జేబులోంచి మొదటి రోజే పోయిన డబ్బు. బాగా ఎక్కువుంటే ఆ డబ్బు ఎక్కడ తెచ్చాడన్నది మీ తర్వాతి ప్రశ్న.

"డెవలపర్ తన వాటాను తాకట్టు పెట్టి రుణం పొందే హక్కు" అనే వాక్యం ఉందా? ఉంటే ఇప్పటిదాకా అప్పు లేకపోయినా రేపు తెచ్చుకునే తలుపు తెరిచి ఉందన్నమాట. మొత్తం స్థలాన్ని తాకట్టు పెట్టే అధికారం జీపీఏలో (ఓనర్ తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) ఇచ్చేశారంటే ఇంకా జాగ్రత్త పడాలి.

గడువు దాటితే ఏమవుతుంది? కొన్ని అగ్రిమెంట్లలో ఆలస్యమైతే ల్యాండ్ ఓనర్ రద్దు చేసుకోవచ్చని ఉంటుంది. అప్పుడు బిల్డర్ దగ్గర కొన్న మీరు ఎవర్ని పట్టుకోవాలి?

ఏ ఫ్లాటు ఎవరి వాటాలోకి వచ్చిందో చెప్పే సప్లిమెంటరీ అగ్రిమెంట్ కూడా ఉంటుంది. మీ ఫ్లాటు ల్యాండ్ ఓనర్ వాటాలోదైతే మీ డబ్బు నిర్మాణానికి పోదు, ఆయన జేబులోకి పోతుంది. అందులో తప్పేం లేదు. కానీ "మీరు కట్టే డబ్బుతోనే పని నడుస్తుంది, తొందరగా కట్టండి" అనే ఒత్తిడికి అక్కడ అర్థం ఉండదు. కట్టేది ఒకరు, అమ్మేది ఒకరు అయినా చట్టం దృష్టిలో ఇద్దరూ ప్రమోటర్లే, కొన్నవాళ్లకి ఇద్దరూ బాధ్యులే అన్నది గుర్తుంచుకుంటే చాలు.

కంపెనీ అయితే ఇంకో రెండు చోట్ల

బిల్డర్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు కొట్టి "ఛార్జీల సూచిక" (ఇండెక్స్ ఆఫ్ ఛార్జెస్) చూడండి. ఆస్తి తాకట్టు పెట్టి తెచ్చిన రుణాలు అక్కడ నమోదు చేయాలి. సాధారణ గడువు 30 రోజులు. అప్పిచ్చింది ఎవరు, ఎంత, తీరిందా లేదా వరసగా ఉంటాయి. మన దగ్గర ఎక్కువమంది బిల్డర్లు భాగస్వామ్య సంస్థలుగానో, సొంత పేరు మీదో నడుపుతారు. వాళ్లవి అక్కడ దొరకవు.

రెండోది సెర్సాయ్. దస్తావేజులు కుదువ పెట్టుకుని ఇచ్చిన లోన్లను బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ ఇది, 2011 నుంచి ఉంది. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకవచ్చు. కాకపోతే ఆస్తి వివరాలు ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా టైప్ చేస్తుంది. "ఏమీ దొరకలేదు" అని వచ్చినంత మాత్రాన ఏమీ లేదని కాదు. దొరికితే మాత్రం వాదన అక్కర్లేదు.

వడ్డీ డబ్బు: కాగితం మీద కనిపించనిది

ఇక అసలు టెన్షన్ ఇక్కడుంది. మిర్చి అమ్మిన డబ్బు, పొలం అమ్మిన డబ్బు, అమెరికాలో పిల్లలు పంపిన డబ్బు, ఇవన్నీ నోటి మాట మీద బిల్డర్ల దగ్గరికి వడ్డీకి చేరతాయి. ఇది ఈసీలో రాదు, సెర్సాయ్‌లో రాదు. అప్పిచ్చినాయన ప్రోనోటు ఒక్కదాంతో ఊరుకోడు. హామీగా రెండు మూడు ఫ్లాట్లకి సేల్ అగ్రిమెంట్ రాయించుకుంటాడు, చాలాసార్లు రిజిస్టర్ చేయకుండా. బాకీ తీరితే చింపేస్తారు. తీరకపోతే ఆ ఫ్లాటు నాదేనని వస్తాడు. అదే ఫ్లాటులో అప్పటికి మీరు పాలు పొంగించి ఉంటారు.

దీన్ని పట్టుకునే గ్యారంటీ పద్ధతి లేదు. వాసన పట్టొచ్చు. మూడో అంతస్తులో రెండు ఫ్లాట్లు "అమ్మేశాం" అంటారు, కొన్నవాళ్లు ఎవరని అడిగితే పేరు చెప్పరు. బుక్ అయిన ఫ్లాట్ల జాబితాను మూడు నెలలకోసారి రెరా పేజీలో పెట్టాలి. సైట్ ఆఫీసు చార్టులో ఎర్ర రంగు పూసినవి ఎన్ని, పేజీలో బుక్ అయినవి ఎన్ని? రెండూ కలవకపోతే ఆ తేడా ఫ్లాట్లు ఎక్కడున్నాయో ఆలోచించండి. నేను కానూరులో చార్టుని ఫోనులో ఫోటో తీసుకుంటుంటే అక్కడి అమ్మాయి వద్దండీ అంది. ఎందుకమ్మా అంటే, "అది అప్‌డేట్ చేయలేదు సార్" అంది. ఎర్రగా ఉన్నవి 19. పేజీలో 12.

సిమెంటు, ఐరన్ సరఫరా చేసే షాపులో బాకీలెలా ఉన్నాయో అడగడం ఇంకో దారి. బంధువుల్లో ఎవరో ఒకరికి ఆ వ్యాపారం ఉండనే ఉంటుంది. మేస్త్రీలకి శనివారం శనివారం డబ్బు అందుతోందో లేదో సైట్‌లోనే తెలిసిపోతుంది.

మీరు నగదుగా సగం ఇస్తానంటే మాత్రం ఈ పని అంతా దండగ. లెక్కలో లేని డబ్బు 70 శాతం ఖాతాలోకి వెళ్లదు, రసీదు ఉండదు, రేపు వాపసు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది కూడా.

ఇప్పుడు రాతపూర్వకంగా అడగండి

ఇన్ని చూశాక బిల్డర్‌కి ఉత్తరం రాయండి. వాట్సాప్‌లో కాదు, ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో. గొడవ పెట్టుకున్నట్టు ఉండకూడదు, లోను కోసం అడుగుతున్నట్టు ఉంటే బాగుంటుంది. మేం పంపింది దాదాపు ఇలా ఉంది:

"అయ్యా, మీ ప్రాజెక్టులో ఫలానా నంబరు ఫ్లాటు కొనాలనుకుంటున్నాము. అడ్వాన్స్ చెల్లించే ముందు ఈ వివరాలు రాతపూర్వకంగా తెలియజేయగలరు. 1. ఈ స్థలం మీద గానీ, మీ వాటా ఫ్లాట్ల మీద గానీ ఏ బ్యాంకు, ఫైనాన్స్ సంస్థ, వ్యక్తి దగ్గరైనా రుణం ఉన్నదా? ఉంటే ఎవరి దగ్గర, ఎంత, ఏ తేదీన తీసుకున్నారు? 2. ఈ ఫ్లాటు ఇంతకు ముందు ఎవరికైనా అగ్రిమెంట్ ద్వారా గానీ, హామీగా గానీ రాసి ఇచ్చారా? 3. మా చెల్లింపులు జమ కావలసిన ప్రత్యేక ఖాతా నంబరు. 4. రుణం ఉన్నట్లయితే ఈ ఫ్లాటు అమ్మకానికి ఆ సంస్థ ఇచ్చిన అభ్యంతరం లేదన్న పత్రం. 5. నిర్మాణం పూర్తి చేయడానికి ఇంకా కావలసిన మొత్తం, అది సమకూరే మార్గం."

ఐదోదానికి జవాబు రాదు, నాకు ఒక్కసారి కూడా రాలేదు. అయినా అడగండి. దానికి ఆయన ముఖం ఎలా పెడతాడన్నదే జవాబు.

"ఇవన్నీ అడిగే హక్కు మీకెక్కడిది" అంటే గొంతు పెంచకుండా ఒక సంగతి చెప్పండి. 2009లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి ఒక ఆదేశం ఇచ్చింది. హౌసింగ్ ప్రాజెక్టుకి అప్పిస్తే, ఆ ఆస్తి ఏ బ్యాంకుకి తనఖాలో ఉందో బ్రోచర్లలో, పాంప్లెట్లలో, పత్రికా ప్రకటనల్లో వెల్లడించాలని, అవసరమైతే కొనేవాళ్లకి బ్యాంకు అనుమతి పత్రం తెచ్చిస్తామని బిల్డర్‌కి షరతు పెట్టాలి. బొంబాయి హైకోర్టు ఒక కేసులో చేసిన వ్యాఖ్య దీనికి కారణం. అంటే బ్యాంకు అప్పు ఉండి బ్రోచర్‌లో ఆ పేరు లేకపోతే, ఆ బిల్డర్ తన బ్యాంకు షరతునే దాటినట్టు. ఆ బ్రాంచికి మీరు బ్రోచర్ జతచేసి ఒక లేఖ రాయొచ్చు. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి లేఖ వస్తే మేనేజర్ ఆ మధ్యాహ్నమే బిల్డర్‌కి ఫోన్ చేయడం చూశాను.

అగ్రిమెంట్‌లో ఇవి పడాలి

మొత్తం ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు సేల్ అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయాలన్నది రెరా 13వ సెక్షన్. "స్లాబు పడ్డాక చేద్దాంలెండి" అని 30 లక్షలు లాగేవాళ్లకి ఈ సెక్షన్ నంబరు చెప్పండి, చాలు.

అగ్రిమెంట్‌లో మీ న్యాయవాది చేత కొన్ని వాక్యాలు రాయించండి. ప్రస్తుతం ఉన్న రుణాల జాబితా ఇదీ, ఇంతకు మించి లేవు అని. ఈ ఫ్లాటు మీద ఎవరికీ ముందుగా అగ్రిమెంట్ గానీ, హామీ పత్రం గానీ ఇవ్వలేదు అని. చెల్లింపులన్నీ ఫలానా ఖాతాకే అని. ఇందులో ఏది తప్పని తేలినా, కట్టిన మొత్తం వడ్డీతో తిరిగి ఇస్తామని. చివరి వాక్యానికి బిల్డర్ కాస్త గునుస్తాడు. చట్టంలో ఎలాగూ ఉన్నదే కదండీ అని నచ్చజెప్పండి. ప్రకటనలోనో ప్రాస్పెక్టస్‌లోనో తప్పుడు మాట నమ్మి నష్టపోతే బయటికి వచ్చి డబ్బు వడ్డీతో తీసుకునే వీలు 12వ సెక్షన్‌లో ఉంది.

తనఖాలో ఉన్న ప్రాజెక్టు కొనొచ్చా?

కొనొచ్చు. నిజం చెప్పాలంటే బ్యాంకు అప్పున్న ప్రాజెక్టు కంటే "అప్పే లేదు" అన్న ప్రాజెక్టే నన్ను ఎక్కువ భయపెడుతుంది. బ్యాంకు ఉంటే కనీసం ఒకరు లెక్క చూస్తున్నారు.

కాకపోతే మీ ఫ్లాటు నంబరు వేసి అప్పిచ్చిన సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఒరిజినల్ కావాలి. దాన్ని చివరి పంక్తి దాకా చదవండి. "కొనుగోలు మొత్తం ఫలానా ఖాతాలో జమ అయితేనే ఈ పత్రం చెల్లుతుంది" అని సాధారణంగా ఉంటుంది. బిల్డర్ మాట మీద ఇంకో ఖాతాకి పంపారంటే ఆ ఎన్‌ఓసీ చిత్తు కాగితం. వీలైతే ఆ సంస్థ ఆఫీసుకి మీరే వెళ్లి పత్రం వాళ్లదేనని నిర్ధారించుకోండి.

మీకు లోనిచ్చే బ్యాంకు "ఈ ప్రాజెక్టు మా అప్రూవ్డ్ లిస్టులో ఉంది" అంటే దాన్ని గుండె ధైర్యంగా తీసుకోకండి. మేం చూసేది మా లోను తిరిగి వస్తుందా లేదా అని. బిల్డింగు మధ్యలో ఆగిపోయినా మీ జీతంలోంచి ఈఎంఐ కోత ఆగదు. పని జరిగిన మేరకే లోను విడుదల చేయాలని 2013లో రిజర్వు బ్యాంకు చెప్పింది. కాబట్టి స్లాబు పడకుండానే "బ్యాంకు రిలీజ్ చేసేస్తుంది, సంతకం పెట్టండి" అంటే పెట్టకండి. సంతకం పెట్టే ముందు సైట్‌కి వెళ్లి స్లాబు కళ్లతో చూడండి.

డబ్బు కట్టాక

మూడు నెలలకోసారి రెరా పేజీ తెరవండి. బుకింగులు, పని ఎంత అయింది, కొత్తగా ఏమైనా పెట్టారా చూడండి. ప్రాజెక్టు ఖాతాను ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లోగా ఆడిట్ చేయించాలి, అంటే సెప్టెంబర్ నెలాఖరు. అక్టోబర్‌లో పదిమంది కొన్నవాళ్లు కలిసి ఆ రిపోర్టు కోసం ఒక లేఖ రాస్తే దాని బరువే వేరు. ఒక్కరే అడిగితే "ఆయనకి అనుమానం జబ్బండీ" అని తీసిపారేస్తారు.

బిల్డర్ చెప్పకపోతే సమాచార హక్కు కింద రెరా అథారిటీనే అడగొచ్చు. ప్రాజెక్టు కోసం దాఖలైన ప్రమాణ పత్రం, ఆడిట్ రిపోర్టు నకళ్లు కావాలని పేర్లు పెట్టి మరీ అడగండి. "మొత్తం సమాచారం ఇవ్వండి" అంటే తిరిగొస్తుంది.

పని ఆగిపోయినా, దాచిన అప్పు బయటపడినా రెరాలో 31వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయండి. జతచేయాల్సింది మీరు ఇప్పటిదాకా దాచుకున్న ఫైలే: ప్రమాణ పత్రం, దానికి విరుద్ధంగా ఉన్న ఈసీ, మీ ఉత్తరం, బ్రోచర్, చెల్లింపుల స్టేట్‌మెంట్. లెక్కలు చూపించమని ఆదేశించి విచారణ జరిపే అధికారం 35వ సెక్షన్ కింద అథారిటీకి ఉంది, ఫిర్యాదులో దాన్ని ప్రత్యేకంగా కోరండి. అప్పిచ్చిన బ్యాంకే ప్రాజెక్టుని స్వాధీనం చేసుకుంటే ఇక మన పని అయిపోయిందని అనుకోనక్కర్లేదు. అలా బిల్డర్ స్థానంలోకి వచ్చిన బ్యాంకు మీద కూడా కొన్నవాళ్లు రెరాకి వెళ్లొచ్చని, బ్యాంకులు తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టానికీ రెరాకీ పొత్తు కుదరకపోతే రెరాదే పైచేయి అని 2022లో రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అది ఏళ్లు పట్టే దారి, అద్దె ఒకవైపు, ఈఎంఐ ఒకవైపు కడుతూ నడిచే దారి.

కానూరు ఫ్లాటు సంగతి అడుగుతారేమో. మా ఉత్తరానికి పన్నెండు రోజులకి జవాబొచ్చింది. ఫైనాన్స్ కంపెనీ పేరు రాశారు, మొత్తం రాశారు, మా ఫ్లాటుకి ఎన్‌ఓసీ తెప్పిస్తామన్నారు. రెండో ప్రశ్నని మాత్రం వదిలేశారు. బావమరిది మళ్లీ అడిగాడు. ఈసారి జవాబు ఫోన్లో వచ్చింది. "ఆ ఫ్లాటు ఎందుకండీ, నాలుగో అంతస్తులో అదే ఫేసింగ్ ఉంది, అది తీసుకోండి." వాడు ఆ నాలుగో అంతస్తు ఫ్లాటు నంబరు వేసి, అదే ఉత్తరం మళ్లీ పంపాడు.